అటక మీద దొరికిన హానోవర్ ప్లేటు: పాటని మొదట పట్టింది ఎవరు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర మీ అమ్మగారి పుట్టింట్లో అటక సర్దుతుంటే కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె, దాంతోపాటు పదకొండు ప్లేట్లు దొరికాయన్నారు. పదింటికి రెండువైపులా పాటలున్నాయి. పదకొండోదానికి ఒకవైపే పాట. వెనకవైపు రెక్కలున్న పిల్లాడి బొమ్మ అచ్చు, లేబుల్ మీద హానోవర్ అనే పేరు. అది ఎప్పటిది, దానిమీద జర్మనీ ఊరి పేరెందుకు అని అడిగారు. కరెంటు లేని రోజుల్లో పాట ఎలా ఎక్కించారన్నారు. మీ అబ్బాయి పుస్తకంలో ఎడిసన్ అని ఉంటే, ఎవరో ఫ్రెంచాయన అంతకు పదిహేడేళ్ల ముందే చేశాడని మీరు చదివారు, ఏది నిజమన్నారు. చివరిగా, ఇప్పుడు వాటిని పెట్టి వినొచ్చా అన్నారు.

ఆ చివరిదానికి ముందే ఒక్క మాట చెబుతాను. ఇదంతా చదివేదాకా ఆ ప్లేట్లని దేనితోనూ తుడవకండి. ముఖ్యంగా స్పిరిట్‌తో.

నేను పద్నాలుగో ఏట విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక రేడియో రిపేరు షాపులో చేరాను. అప్పటికే గ్రామఫోన్ల కాలం అయిపోవచ్చింది. అయినా పాత ఇళ్లనుంచి ఒకటీ అరా వచ్చేవి. స్ప్రింగు తెగిందనో, ముల్లు గీరుతోందనో పట్టుకొచ్చేవారు. అలా చెయ్యి పడింది. ఇప్పుడు అరవై దాటినా ఎవరో ఒకరు పెట్టె మోసుకొస్తూనే ఉంటారు.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాన్లోంచే వస్తాయి. ఎడిసనా, ఫ్రెంచాయనా అంటే ఇద్దరూ. ఎందుకంటే మనం ఒకే పని అనుకుంటున్నది నిజానికి మూడు పనులు. శబ్దాన్ని రాయడం ఒకటి. రాసినదాన్ని మళ్లీ పలికించడం రెండోది. దానికి వేలకొద్దీ నకళ్లు తీయడం మూడోది. మూడింటికీ ముగ్గురు వేరు. ఒక్కో పనికీ మధ్య పదేసి, ఇరవయ్యేసి ఏళ్లు పట్టాయి. మీ అటక మీద ప్లేటు మూడోవాడి సంతానం.

మొదటివాడి పేరు ఎడ్వార్ లియోన్ స్కాట్ ద మార్టిన్‌విల్. పారిస్‌లో అచ్చుపని చేసుకునేవాడు, శాస్త్రం పుస్తకాలకి ప్రూఫులు దిద్దేవాడు. ఒకసారి ప్రూఫుల్లో చెవి లోపలి బొమ్మ కనబడింది. శబ్దం వస్తే కర్ణభేరి అదురుతుంది. ఆ అదురుకి ఒక వెంట్రుక కట్టి, కింద కాగితం లాగితే గీత పడదా అనుకున్నాడు. అంతే ఆలోచన. 1857 మార్చి 25న పేటెంటు తీసుకున్నాడు. యంత్రం పేరు ఫోనాటోగ్రాఫ్.

ఇంట్లో కాటుక పట్టడం చూసినవాళ్లకి ఈ యంత్రం సగం అర్థమైపోతుంది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లిస్తే కాసేపటికి నల్లటి మసి మెత్తగా పేరుకుంటుంది. దానిమీద వేలు అక్కర్లేదు, వెంట్రుక తగిలినా గీత తేలుతుంది. మా అప్ప అలా పట్టిన పళ్లెం మీద నేను చీపురుపుల్లతో నా పేరు రాసి దెబ్బలు తిన్నాను. స్కాట్ చేసింది ఇదే. కాగితానికి దీపం మసి పట్టించి, దాన్ని ఒక డోలుకి చుట్టాడు. ఎదురుగా పెద్ద బూరా, బూరా చివర పల్చటి పొర, పొరకి పంది వెంట్రుక. బూరాలోకి పాడుతూ డోలు చేత్తో తిప్పితే వెంట్రుక అటూ ఇటూ కదిలి మసిలో సన్నటి వంకర గీత గీస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. పాపం, దాన్ని వినిపించడం చేతకాలేదు అంటారు. చేతకాకపోవడం కాదు, ఆయనకి ఆ కోరికే లేదు. శబ్దం తనంతట తానే కాగితం మీద రాసుకోవాలి, దాన్ని మనిషి కంటితో చదవాలి, అదీ ఆయన కల. చేతిరాత గుమాస్తాలు తొందర తొందరగా రాసుకునే షార్ట్‌హ్యాండ్ లాంటిది, కాకపోతే మాటే గుమాస్తా. తరవాత ఎడిసన్‌కి పేరొచ్చినప్పుడు కూడా స్కాట్ చేసిన ఫిర్యాదు అదే: అసలు పని రాయడం, ఈ తిరిగి పలికించడమేమిటి అని. నాకైతే ఆ మాటలో కొంత న్యాయముందనిపిస్తుంది. ఈరోజు ఫోనులో వాయిస్ మెసేజ్ పంపితే కనిపించే ఎగుడుదిగుడు గీతలు ఉన్నాయే, అవి స్కాట్ గీతలే.

1860 ఏప్రిల్ 9న ఆయన ఒక ఫ్రెంచి జానపద గీతం ముక్క పాడి అలా రాసిపెట్టాడు. ఆ మసి కాగితం నూట నలభై ఎనిమిదేళ్లు మూగగా ఉంది. 2008లో అమెరికాలో కొందరు చరిత్రకారులూ, లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వాళ్లూ కలిసి దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌తో గీతని శబ్దంగా మార్చి వినిపించారు. పది సెకన్లు. ఒక ఆడపిల్ల గొంతులా వినబడింది. స్కాట్ కూతురేమో అని ప్రపంచమంతా రాసింది.

ఏడాది తిరిగేసరికి అది తప్పని వాళ్లే చెప్పారు. ఇది మంచి కథ, కాస్త నెమ్మదిగా చెబుతాను. చేత్తో తిప్పే డోలు ఒకే వేగంతో తిరగదు కదా. అందుకని స్కాట్ పాట గీత పక్కనే కొడితే ఒకే లెక్కన అదిరే శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) గీత కూడా గీయించాడు, గడియారం ముల్లులా పనికొస్తుందని. ఆ దండం సెకనుకి 500 అదుర్లు అని రాసి ఉంది. వీళ్లు 500 అని పట్టుకుని వేగం సరిచేశారు. కానీ ఆనాటి ఫ్రెంచివాళ్ల లెక్క వేరు. వాళ్లు అటు ఒకటి, ఇటు ఒకటి అని లెక్కేసేవారు. మన లెక్కలో అది 250 మాత్రమే. అంటే పాట రెట్టింపు వేగంతో మోగింది. సగానికి తగ్గించేసరికి ఆడపిల్ల మాయమై ఒక మధ్యవయసు మగాడు నిదానంగా, జాగ్రత్తగా పాడుతున్నాడు. అది స్కాట్ గొంతే అని ఇప్పుడు అనుకుంటున్నారు. వేగం సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ప్లేట్ల దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

రెండో పని, తిరిగి పలికించడం. 1877 ఏప్రిల్‌లో షార్ల్ క్రో అనే ఫ్రెంచి కవి, ఆ గీతని లోహంలో గాడిగా చెక్కితే దాన్లో ముల్లు నడిపి శబ్దం తిరిగి రప్పించవచ్చని కాగితం మీద రాసి, కవరుకి సీలు వేసి పారిస్ అకాడమీలో ఇచ్చాడు. యంత్రం చెయ్యలేదు. చెయ్యడానికి డబ్బు లేదు. అదే ఏడు వేసవిలో అమెరికాలో ఎడిసన్, టెలిగ్రాఫ్ చుక్కలూ గీతలూ కాగితం మీద గుచ్చి నిలవచేసే యంత్రంతో, టెలిఫోన్ పొరలతో కుస్తీ పడుతున్నాడు. ఆయనకి చెవుడు. పొర ఎంత అదురుతోందో వినలేక దానికి సూది పెట్టి వేలితో తడిమి చూసేవాడట. వేలికి గుచ్చుకునే సూది మైనం కాగితానికి ఎందుకు గుచ్చుకోదు? జూలైలో మైనం పూసిన కాగితం మీద అరిచి చూశాడు. అరుపు లాంటిదేదో వెనక్కి వచ్చింది.

డిసెంబరు మొదట్లో ఆయన దగ్గర పనిచేసే జాన్ క్రూసీ అనే మెకానిక్ అసలు యంత్రం చేసిపెట్టాడు. దాని పేరు ఫోనోగ్రాఫ్. గాళ్లు కోసిన ఇత్తడి సిలిండరు, దానికి చుట్టిన తగరపు రేకు, చేత్తో తిప్పే పిడి. ఎడిసన్ పిల్లల గేయం ఒకటి చెప్పాడు, అది తిరిగి చెప్పింది. 1878 ఫిబ్రవరి 19న పేటెంటు వచ్చింది. కాబట్టి మీ అబ్బాయి పుస్తకం తప్పు కాదు. శబ్దాన్ని రాసి, దాన్నే మళ్లీ పలికించిన మొదటివాడు ఎడిసనే.

అదే ఏడాది పారిస్ అకాడమీలో దాన్ని చూపిస్తే బుయో అనే పెద్ద వైద్యుడు, వెనక ఎవడో పెదాలు కదపకుండా మాట్లాడుతున్నాడని గొడవ పెట్టుకున్నాడు. నవ్వొస్తుంది గానీ, మా మామ్మ మొదటిసారి గ్రామఫోను విన్నప్పుడు, "ఓలమ్మో, మనిసి ఈ పెట్టిలోకి ఎలగ దూరాడే" అందట. అకాడమీకీ మామ్మకీ పెద్ద తేడా లేదు.

ఎడిసన్ రేకు రెండు మూడుసార్లు వింటే చెడిపోయేది. సిలిండరు నుంచి తీస్తే మళ్లీ సరిగ్గా చుట్టడం అయ్యే పని కాదు. వింతవస్తువుగా కొన్నాళ్లు ఊరూరా తిప్పి చూపించారు, తరవాత ఎడిసన్ బల్బుల పనిలో పడి దాన్ని దాదాపు పదేళ్లు ముట్టుకోలేదు. ఆ ఖాళీలో టెలిఫోన్ గ్రాహంబెల్ దగ్గర బంధువు చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనే పరికరాల పనివాడూ కలిసి రేకు బదులు మైనం పెట్టారు. తేడా చిన్నదిలా ఉంటుంది గానీ అదే అసలు మలుపు. ఎడిసన్ సూది రేకుని నొక్కేది. వీళ్లది మైనాన్ని చెక్కేది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస దుంగని ఉలితో తొలిచేటప్పుడు చూడండి, పొట్టు పైకి లేచి వస్తుంది, కింద గాడి శుభ్రంగా మిగులుతుంది. మైనం అలా. రేకు సొట్టపడటమే తప్ప తొలగదు, అందుకే శబ్దం మొరటుగా ఉండేది. 1881లో వాళ్లు తమ యంత్రాన్ని ఒక పెట్టెలో పెట్టి స్మిత్‌సోనియన్ సంస్థలో దాచారు. 1937లో తెరిస్తే దాన్లో మాటలున్నాయి: నేను గ్రాఫోఫోన్‌ని, మా అమ్మ ఫోనోగ్రాఫ్ అని. గ్రాఫోఫోన్ అంటే వీళ్ల యంత్రం, దాన్ని ఎడిసన్ ఫోనోగ్రాఫ్ గాళ్లలో మైనం నింపి చేశారు మరి.

ఇప్పుడు మూడో పని. మైనం సిలిండర్లతో ఒక పెద్ద చిక్కు ఉంది. నకలు తీయడం కష్టం. వంద సిలిండర్లు కావాలంటే గాయకుడి ముందు నాలుగైదు యంత్రాలు వరసగా పెట్టి, ఒకే పాట మళ్లీ మళ్లీ పాడించేవారు. 1890లలో జార్జ్ జాన్సన్ అనే నల్లజాతి అమెరికన్ గాయకుడు ఒకే పాటని రోజంతా పాడుతూ వేలసార్లు పాడాడు. ఇది పాటల వ్యాపారం కాదు, కూలిపని.

దీన్ని తీర్చినవాడు ఎమిల్ బెర్లినర్. జర్మనీలో పుట్టి 1870లో అమెరికా వెళ్లినవాడు. పుట్టిన ఊరు హానోవర్. మీ లేబుల్ మీది ఊరు ఇదే, దానికి కాసేపట్లో వస్తాను. 1887లో ఆయన సిలిండరుని పక్కనపెట్టి పళ్లెం తీసుకున్నాడు. జింకు పళ్లెం మీద తేనెమైనం పల్చగా పూసి, ముల్లుతో ఆ మైనంలో గీయించి, పళ్లాన్ని ఆమ్లంలో ముంచేవాడు. మైనం పోయినచోట ఆమ్లం జింకుని తినేసి గాడి చేస్తుంది. దానిమీద విద్యుత్తుతో లోహం పూత ఎక్కిస్తే తిరగేసిన అచ్చు వస్తుంది. ఆ అచ్చుతో మెత్తటి ముద్దని ఒత్తితే ప్లేటు. జంతికల గిద్దలా అనుకోండి, అచ్చు ఒకటుంటే ఎన్నయినా ఒత్తుకోవచ్చు.

ఇంకో మార్పు కూడా చేశాడు. ఎడిసన్ ముల్లు పైకీ కిందకీ నడుస్తుంది, గుంతల రోడ్డు మీద ఎద్దుబండిలా. బెర్లినర్ ముల్లు పక్కలకి నడుస్తుంది, పాములా. మీ దగ్గరున్న ప్లేట్లన్నీ పామునడకవే అనుకుంటున్నాను. భూతద్దం పెట్టి చూడండి, వంకరలు కంటికి కనిపిస్తాయి. గట్టిగా పాడినచోట వంకర పెద్దది. స్కాట్ అడిగిన చదువు ఇదే మరి.

ఇప్పుడు హానోవర్. 1898లో లండన్‌లో గ్రామఫోన్ కంపెనీ పెట్టారు. ప్లేట్లు ఒత్తే పని బెర్లినర్ తన సొంతూరు హానోవర్‌లో, తమ్ముడు జోసెఫ్ నడిపే ఫ్యాక్టరీలో పెట్టించాడు. ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే కుర్ర రికార్డిస్టు 1902 చివర్లో కలకత్తాలో దిగి గౌహర్ జాన్ లాంటివాళ్ల చేత పాడించి, ఆ పర్యటనలో ఐదు వందలకు పైగా పాటలు ఎక్కించాడు. అప్పటికి జింకు పోయి మైనం బిళ్లలొచ్చాయి. పాట ఎక్కించిన ఆ బిళ్లలు ఓడెక్కి హానోవర్ వెళ్లాలి. అక్కడ అచ్చులు తీసి, ప్లేట్లు ఒత్తి, మళ్లీ ఓడలో పంపాలి. నెలల పని. అప్పటి ప్లేట్లలో పాట అయిపోగానే గాయని ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పడం వింటాం. గౌహర్ జాన్ అలా చెప్పినది ఇప్పటికీ ప్రసిద్ధి. గొప్ప కోసం కాదది. హానోవర్‌లో అచ్చు తీసేవాడికి మన భాష రాదు, ఏ మైనం ఎవరిదో తెలియాలి కదా.

ఈ వ్యవహారంలో నాకు తమాషాగా అనిపించేది ఒకటుంది. ఆ మెత్తటి ముద్దలో బంక పదార్థం లక్క. పాండవుల లక్క ఇల్లు, గాజుల లక్క, రిజిస్టరు పార్శిల్ మీద సీలు వేసే లక్క, అదే. పురుగు చేసే జిగురు. రాతిపొడి, దీపపు మసి, కొంచెం పత్తి నూగు కలిపి లక్కతో పట్టిస్తే గ్రామఫోను ప్లేటు. లక్క ఎక్కువగా మన దేశంలోనిది. మన లక్క జర్మనీ వెళ్లేది, మన పాట మైనంగా జర్మనీ వెళ్లేది, రెండూ అక్కడ కలిసి ప్లేటయ్యి మనకే అమ్ముడుపోయేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఈ ప్రయాణం తగ్గింది.

కాబట్టి ఒకవైపే పాట, హానోవర్ పేరు, వెనక రెక్కల పిల్లాడు, ఈ మూడూ కలిస్తే మీ ప్లేటు చాలావరకు 1908కి ముందుది. ఆ పిల్లాడు ఊరికే కూర్చోలేదు, జాగ్రత్తగా చూడండి. ప్లేటు మీద కూర్చుని ఈక కలంతో రాస్తున్నాడు. అది కంపెనీ మొదటి గుర్తు. బూరా ముందు కూర్చున్న కుక్క తరవాత వచ్చింది. మిగతా పది ప్లేట్ల మీద కుక్కే ఉండొచ్చు. ఆ కుక్క బొమ్మ గీసిన బరాడ్ మొదట ఎడిసన్ సిలిండరు యంత్రం వేసి, ఎవరూ కొనకపోతే దానిమీదే బెర్లినర్ యంత్రం పూసి అమ్మాడు. అసలు చిత్రంలో పాత యంత్రం ఛాయ ఇప్పటికీ తెలుస్తుందట.

కరెంటు లేకుండా ఎక్కించడం గురించి. 1925 దాకా మైకే లేదు. గోడలోంచి ఒక బూరా బయటికి వచ్చి ఉంటుంది. అవతలి గదిలో బూరా సన్నటి చివర పొర, దానికి ముల్లు, కింద తిరిగే మైనం బిళ్ల. ముల్లుని కదిపే శక్తి గాయకుడి ఊపిరే, ఇంకేమీ లేదు. అందుకని తల బూరాలో పెట్టినంత దగ్గరగా పాడాలి. పైస్థాయి అందుకునేటప్పుడు వెనక్కి జరగాలి, లేకపోతే ముల్లు గాడి దాటిపోతుంది. డప్పు, డోలు లాంటివి దూరంగా పెట్టేవారు. వయొలిన్ బొత్తిగా వినబడదని స్ట్రో అనే ఆయన దానికి చెక్క డొల్ల తీసేసి బూరా బిగించి కొత్త వయొలిన్ చేశాడు.

పైగా ఆ బూరా అన్ని శబ్దాలనీ పట్టేది కాదు. మధ్యలోవి పట్టి, బాగా మంద్రమూ బాగా సన్నవీ వదిలేసేది. సెకనుకి రెండున్నర వేల అదుర్లు దాటితే ఇంచుమించు సున్నా. మన భాషకి దీనివల్ల జరిగిన నష్టం ఏమిటంటే స, శ, ష మూడూ ఒకటైపోయాయి, ఒక్కోచోట మాయమైపోయాయి. పాత పద్యం ప్లేటులో "శ్రీ" అన్నది "తీ" అన్నట్టు వినిపిస్తే గాయకుణ్ణి తప్పుపట్టకండి.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. అంటే బూరా కాలం చివర. ద్వారం వారి వయొలిన్ ప్లేట్లు వచ్చేసరికి మైకు వచ్చేసింది. అందువల్లే ఆ కమాను ఒరిపిడి మనకి దక్కింది. ఓ పదిహేనేళ్లు ముందైతే స్ట్రో బూరా తగిలించమనేవారేమో, తలుచుకుంటేనే ఏదోలా ఉంటుంది.

ప్లేటు నిడివి ఇంకో సంకెల. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు, మూడు నిమిషాలకి 234 చుట్లు. అంతకంటే గాళ్లు పట్టవు. పన్నెండు అంగుళాలదైతే నాలుగు, నాలుగున్నర నిమిషాలు. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారుజాముకి మంగళం పాడే హరికథని దాన్లో ఎక్కడ పెడతారు? కచేరీలో ముప్పావుగంట పాడే రాగం కూడా అంతే, మొక్క మొలిచేలోపు పీకేసినట్టు. కానీ నాటకం పద్యం చూడండి. నాలుగు పాదాలు. సాగదీస్తే సాగుతుంది, బిగిస్తే బిగుస్తుంది. ఒక పద్యం రాగంతో సహా సరిగ్గా ఒక వైపు. ప్లేటు కోసమే పుట్టినట్టు కుదిరింది. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి రంగస్థల గాయకులు ప్లేట్ల ద్వారా నాటకం చేరని పల్లెల్లోకి కూడా వెళ్లారంటే సగం కారణం గొంతు, సగం కారణం ఈ కొలత అని నా అభిప్రాయం. మీ పదింటిలో సగమైనా పద్యాలే అయ్యుంటాయని పందెం వేస్తాను.

ఇక వేగం. 78 అన్నది మొదటినుంచీ ఉన్న రూలు కాదు. మైకూ, కరెంటు మోటారూ వచ్చాక స్థిరపడ్డ లెక్క. అంతకుముందు 70కి అటూ ఇటూ, 80 దాకా, రికార్డిస్టు చెయ్యి ఎలా తిరిగితే అలా. 72 మీద ఎక్కించినదాన్ని మీరు 78 మీద తిప్పితే శ్రుతి అరమెట్టు కంటే ఎక్కువ పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన మనిషి ఒకటిన్నర దాటి అరుస్తున్నట్టుంటుంది. పాతవాళ్లంతా కీచుగొంతుతో పరుగెత్తి పాడేవారని అనుకునేవాళ్లు సగంమంది విన్నది ఇదే. స్కాట్‌ని ఆడపిల్లని చేసిన తప్పే. పళ్లెం పక్కన చిన్న మీట ఉంటుంది, హార్మణీ పక్కన పెట్టుకుని గొంతు సహజంగా అనిపించేదాకా తగ్గించి చూడండి.

ఇప్పుడు స్పిరిట్ కథ. షాపులో చేరిన రెండో ఏడు. ఒక పెద్దాయన పద్యం ప్లేటు తెచ్చి, బాగా మురికిగా ఉంది, శుభ్రం చేసి పెట్టమన్నాడు. రేడియో లోపలి భాగాలన్నీ స్పిరిట్‌తోనే తుడుస్తాం కదా, దూది ముంచి తుడిచాను. దూది నల్లబడింది. ఎంత మురికో అనుకుని ఇంకో దూది. అదీ నల్లబడింది. నాలుగో దూదికి ప్లేటు అద్దంలా మెరిసింది. మా గురువుగారు వచ్చి వెలుగులో ఒకసారి తిప్పి చూసి కూర్చుండిపోయారు. "ఓరి గుంటడా, పద్యాన్ని దూదితో తుడిచేసావురా." లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. నేను తీసింది మురికి కాదు, గాళ్లు. ఆ పెద్దాయన తిట్టలేదు. అది వాళ్ల నాన్నకి ఇష్టమైన పద్యమని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

కాబట్టి మామూలు నీళ్లలో ఒక్క చుక్క సబ్బు, మెత్తటి పాత చీర ముక్క, గాడి వెంట గుండ్రంగా తుడవడం, లేబుల్ తడవనివ్వకపోవడం. వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో వద్దు. మన పెంకుటింటి అటక వేడికి లక్క వంగుతుంది, మీ వాటిలో ఒకటి రెండు ఇప్పటికే అప్పడంలా ఉండి ఉంటాయి. దాచేటప్పుడు పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి.

పెట్టె సంగతి. స్ప్రింగు డబ్బా మీరు విప్పకండి. లోపల చుట్టిన ఉక్కుపట్టీ ఒక్కసారి విడిపోతే వేళ్లు పోతాయి. గ్రీజు గట్టిపడి ఉంటుంది, తెలిసినవాడి చేత కడిగించండి. కీ పూర్తిగా బిగించొద్దు, విన్న తరవాత స్ప్రింగు వదులై ఆగేదాకా తిరగనివ్వండి.

ఒక ముల్లు ప్లేటు ఒక్కవైపుకే. ఇది పిసినారితనం చేసేచోటు కాదు. ప్లేటులో రాతిపొడి ఎందుకు కలిపారో తెలుసా? మొదటి కొన్ని చుట్లలో అదే ముల్లుని అరగదీసి గాడికి సరిపోయేలా చెక్కుకుంటుంది. పాట అయ్యేసరికి ముల్లు పక్కలు కత్తిలా అవుతాయి. దాన్నే రెండో ప్లేటుకి వాడితే ఈసారి ముల్లే గాడిని చెక్కుతుంది. పాత ప్లేట్లలో బుసబుస వినిపించేది చాలావరకు ఇలా వాడినవాళ్ల పుణ్యమే.

బీటలున్న ప్లేట్లు ఆ పెట్టె మీద అసలు పెట్టొద్దు. హానోవర్ ప్లేటు కూడా పెట్టొద్దు. ముల్లుని పట్టుకునే ఆ గుండ్రటి డబ్బా, సౌండ్‌బాక్స్ అంటాం, ప్లేటు మీద వేసే బరువు వంద గ్రాములకి పైనే ఉంటుంది. ఇప్పటి కరెంటు ప్లేయరు చెయ్యి నాలుగైదు గ్రాములు. 78లకి వేరే ముల్లు దొరుకుతుంది, అది తగిలించిన ప్లేయరు ఉన్నవాళ్లని పట్టుకుని ఒకేసారి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. తరవాత వచ్చిన ఎల్పీ ప్లేట్ల మామూలు ముల్లుతో ప్రయత్నించకండి. అది సన్నం, గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది తప్ప గోడలకి తగలదు. ఎక్కించాక వేగం ఎంతకి మార్చుకున్నా ప్లేటుకి నొప్పి లేదు.

ఆ హానోవర్ ప్లేటు లేబుల్ మీద పాడినవాళ్ల పేరు చెరిగిపోయిందన్నారు. ఎక్కించేటప్పుడు పాట అయిపోయిందని వెంటనే ముల్లు ఎత్తెయ్యకండి. గాడి చివరి చుట్టు దాకా తిరగనివ్వండి. పాడినావిడో, పాడినాయనో అక్కడ తన పేరు చెప్పి ఉండొచ్చు.